అడ్డంకుల ఆటకు కిట్టా, ఇంటి సామానా? ముందు కాళ్ల కింద చూడండి

వానలు మొదలైనప్పటి నుంచి ఇదే ప్రశ్న. మా తోడికోడలు ఫోనులో అడిగింది, బడి బస్సు దగ్గర నిలబడే తల్లులు ముగ్గురు అడిగారు. "హాల్లోనే పిల్లలకు అడ్డంకుల ఆట పెట్టారట, ఏ కిట్టు కొన్నారు? లేక ఇంట్లో ఉన్నవాటితోనే చేశారా?" కింది ఫ్లాటువారు కూడా అడిగారు గానీ, వారు అడిగిన తీరు వేరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను రెండూ చేశాను. ముందు కిట్టు కొన్నాను, ఇప్పుడు అందులో సగం అటక మీద ఉంది. అయినా కిట్టు దండగ అనను. తప్పు నాదే. ఏ వస్తువు కొనాలా అని నెల రోజులు చూశాను గానీ, దాన్ని ఏ నేల మీద పరుస్తానో ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు.

నేను కొన్న కిట్టులో పట్టీలతో చేసిన నాలుగు మీటర్ల నిచ్చెన, పది కోనులు, ఆరు హర్డిల్స్ ఉన్నాయి. నేల మీద పరిచి గళ్లలో అడుగులు వేసే ఆ నిచ్చెన గడ్డి మీదా మట్టి మీదా బ్రహ్మాండంగా ఉంటుంది. మా హాల్లో అద్దంలాంటి విట్రిఫైడ్ టైల్స్. మూడో గడిలో మావాడి బొటనవేలు పట్టీకి తగిలిందంటే నిచ్చెన మొత్తం వాడితోపాటు సోఫా దాకా వెళ్లేది. నాలుగు మూలలా టేపు అంటించాను. రెండు రోజులు ఆగి ఊడింది. టైలు మీద మిగిలిన జిగురును కొబ్బరినూనెతో రుద్ది వదిలించడానికి ఒక ఆదివారం పోయింది. ఆ నూనెను మళ్లీ సబ్బు నీళ్లతో కడగకపోతే అదొక జారుడుబండ.

ఇంటి సామాను మాత్రం అమాయకమైనదనుకోవద్దు. నిచ్చెన మీద విసుగెత్తి జంపఖానా పరిచి, పక్కన దిండ్లు పేర్చాను. పాప దిండు మీద నుంచి జంపఖానా మీదికి దూకింది. జంపఖానా ముందుకు పోయింది, పాప వెనక్కి పడింది. తల టీపాయి అంచుకు జానెడు దూరంలో ఆగింది. నున్నటి టైలుకూ నూలు గుడ్డకూ మధ్య పట్టంటూ ఏమీ ఉండదని ఆ సాయంత్రం తెలిసింది. మేజోళ్లు తొడుక్కున్నా అంతే, కాబట్టి మా ఇంట్లో ఈ ఆట ఒట్టి కాళ్లతోనే. క్యారమ్స్ బోర్డు కూడా అదే హాల్లో ఉంటే దాని పౌడరును తుడిచేదాకా ఎవరినీ దూకనివ్వకండి.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు వారి నేల గురించి అడుగుతున్నాను. మా అమ్మగారింట్లో బేతంచెర్ల నాపరాళ్లు. వాటి మీద చాక్‌పీసు చక్కగా రాస్తుంది, పాదానికి పట్టు దొరుకుతుంది. తొక్కుడుబిళ్ళ గళ్లు గీసి ఒంటికాలి మీద కుంటిస్తే నిచ్చెన చేసే పని చాలావరకు అయిపోతుంది. అలాంటి ఇల్లున్నవారు ఏమీ కొనక్కరలేదు, ఎత్తు నుంచి దూకించకుండా ఉంటే చాలు. టైల్స్ ఉన్నవారికి ఆ అదృష్టం లేదు, నున్నటి టైలు మీద చాక్‌పీసు అంటీఅంటనట్టు రాస్తుంది. ఒక్క మేలుంది. రెండడుగుల టైల్స్ అయితే వాటి సందులే గళ్లు. ఆరేళ్ల పాపకు రెండడుగుల అంగ పెద్దది గనుక ఒక్కో టైలు మధ్యలో దారం పరిచి సగం చేశాను. దూకుడు లేని అడుగుల ఆటకు ఇది బాగా పనికొస్తుంది.

దూకాలంటే మాత్రం ఒకదానికొకటి బిగించే ఫోమ్ మ్యాట్లే మేలు. రెండడుగుల చదరాలు పన్నెండు తీసుకున్నాను. నాలుగడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు దారి వచ్చింది. పది మిల్లీమీటర్ల మందంవి చవక, కానీ మోకాలు ఆనిస్తే కింద టైలు తెలుస్తుంది. ఇరవైవి తీసుకోండి. విడిగా ఒకటి రెండు వేస్తే ఇవి కూడా జారతాయి. అన్నీ కలిపి బిగించి, ఒక కొస గోడకు ఆనించి, వేసేముందు నేల తుడిచి ఆరబెడితే కదలవు. మొదటి వారం వాసన వస్తుంది, బాల్కనీలో ఆరబెట్టండి. మెత్తగా ఉంటుంది కదా అని మంచం మీది పరుపును దించకండి. పాదం దిగబడి చీలమండ పక్కకు మడతపడే ప్రమాదం దాని మీదే ఎక్కువ.

ఇక కింది ఫ్లాటువారి సంగతి. "ఇంట్లో ఏమైనా మరమ్మతులు జరుగుతున్నాయా అండీ?" అని అడిగారు, పాపం ఎంతో మర్యాదగా. సిగ్గేసింది. మ్యాట్లు వేశాక చప్పుడు తగ్గింది గానీ పోలేదు. అప్పుడు పిల్లలకు ఒక నియమం పెట్టాను. దిగిన చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపిస్తే ఆ అడ్డంకి మళ్లీ మొదటి నుంచి. రెండు వారాల్లో మావాడు మునివేళ్ల మీద దిగి, మోకాళ్లు వంచి, ఆ తర్వాత మడమ ఆనించడం తనంతట తానే పట్టుకున్నాడు. కిట్టుతో వచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు.

నేల కుదిరాక కిట్టుకూ ఇంటి సామానుకూ మధ్య పోటీ తేలికే, నా మొగ్గు ఇంటి సామాను వైపే. హర్డిల్ విషయంలో చూడవలసింది ఒక్కటే, కాలు తగలగానే అడ్డకర్ర పడిపోవాలి. రెండు పప్పు డబ్బాల మీద న్యూస్‌పేపరును కర్రలా చుట్టి ఊరికే ఆనిస్తే ఆ పని అవుతుంది. అదే కుర్చీల మధ్య తాడు బిగించి కడితే కాలు చిక్కుకుని పిల్లవాడు ముఖం మీద పడతాడు. సొరంగానికి డైనింగ్ టేబులు, దాని మీద దుప్పటి. గుండ్రంగా విచ్చుకునే గుడ్డ సొరంగాలు అమ్ముతారు, పాకుతుంటే అవి పక్కకు దొర్లుతాయి, టేబులు దొర్లదు.

ఇంకో కారణం కూడా ఉంది. నిచ్చెనలో అడుగుల వరస వారం రోజుల్లో కాళ్లకు కంఠతా వచ్చేస్తుంది. ఆ తర్వాత కాళ్లు పరుగెత్తుతాయి, బుద్ధి ఎక్కడో ఉంటుంది. కన్నూ చెయ్యీ కాలూ కలిసి పనిచేయాలంటే రోజూ ఏదో ఒకటి మారాలి. నిన్న నవారు మీద మడమకు వేలు ఆనిస్తూ నడిచినవారు ఇవాళ నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయతో నడవాలి. రేపు గోనెసంచిలో గెంతుతూ వెళ్లి, చివర నేను విసిరిన బంతి పట్టుకోవాలి. దారిని మార్చే పని పిల్లలకే వదిలేయండి, మనకంటే కఠినంగా పెడతారు.

కిట్టు గెలిచే చోటూ ఉంది. పన్నెండేళ్లు దాటి, బ్యాడ్మింటనో ఖోఖోనో గట్టిగా ఆడే పిల్లలకు సమానమైన గళ్లు కావాలి, గడియారం పెట్టుకుని నిన్నటికంటే ఎంత తగ్గిందో చూసుకోవాలి. వారికి నిచ్చెన కొనండి, కానీ ఆరిన డాబా మీద పరచండి, హాల్లో వద్దు.

మిగతావి రెండు మాటల్లో. ట్రాంపోలిన్ పార్కులు పుట్టినరోజుకు బాగుంటాయి, రోజూ వెళ్లేవి కావు. తలుపు చట్రంలో బిగించే కడ్డీల మీద నాకు నమ్మకం లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నుంచి ఐదు ఆటలు కలిసిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ బదులు అడ్డంకుల పరుగు వస్తోందని విన్నప్పటి నుంచి మావాడు ఇంట్లో వేలాడే తాడు కావాలంటున్నాడు. పాత ఇళ్లలో ఉయ్యాల బల్లకు వేసిన కొక్కేలుంటే మేస్త్రికి చూపించి తాడు కట్టుకోవచ్చు. మా స్లాబుకు అవి లేవు, ఆ గొడవా లేదు.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. హాల్లో ఈ ఆట ఇరవై నిమిషాలు దాటదు, ఆ తర్వాత పోట్లాటే. మిగతా నలభై నిమిషాలకు వాన తెరిపి ఇవ్వగానే కిందికి పంపుతున్నాను.

మ్యాట్లు పన్నెండూ కొన్నాక చేతిలో ఇంకా డబ్బు మిగిలితే కోనులు తీసుకోండి. విడిగా పది కలిపి అమ్ముతారు, వాటికోసం కిట్టు మొత్తం కొనక్కరలేదు.