స్నగ్ హార్బర్: డెక్కు మీద నుంచి కోర్టు అనుకున్న ఇల్లు

ఇరవై రెండేళ్ళు కార్గో ఓడల్లో పనిచేశాను. నూవార్క్ పోర్టుకు నాలుగైదుసార్లు వెళ్ళాను. న్యూయార్క్ దగ్గర ఓడ కిల్ వాన్ కల్ అనే ఇరుకు జలసంధిలోకి తిరగగానే ఎడమవైపు ఒడ్డున లావుపాటి స్తంభాలతో ఐదు భవనాలు వరసగా కనిపించేవి. ఏదో కోర్టు కాబోలు అనుకునేవాణ్ణి. మొన్న న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు తెలిసింది, అది మాలాంటి వాళ్ళ కోసం కట్టిన ఇల్లని. సెయిలర్స్ స్నగ్ హార్బర్.

వెళ్ళడం సులువే. ఇది స్టేటెన్ ఐలండ్ అనే దీవిలో ఉంది. మన్‌హాటన్ నుంచి అక్కడికెళ్ళే ఫెర్రీకి టికెట్ అక్కర్లేదు. దిగాక ఎస్ 40 బస్సు.

కథేమిటంటే, రాబర్ట్ రిచర్డ్ రాండల్ అనే ఆయన 1801లో పోతూ పోతూ ఆస్తిని ముసలి నావికులకు, ఓపిక ఉడిగి ఇక ఓడ ఎక్కలేని వాళ్ళకు రాసేశాడు. చుట్టాలు ఊరుకుంటారా, కోర్టుకెక్కారు. తలుపులు తెరిచేసరికి 1833 అయింది. మన్‌హాటన్‌లో ఆయనకు 21 ఎకరాల పొలం ఉండేది. ఆశ్రమం అక్కడే కట్టాలి. కానీ ఊరు పెరిగి ఆ నేల బంగారమైంది. ధర్మకర్తలు దాన్ని అమ్మకుండా లీజులకిచ్చి, ఆ అద్దెలతో ఇక్కడ నడిపారు. నాకు బాగా నచ్చింది ఈ తెలివే. ఒకసారి చందా వేసి మర్చిపోయే బాపతు కాదు.

1976లో నావికుల్ని నార్త్ కరొలైనాకు మార్చారు. ఇప్పుడిది 83 ఎకరాల సాంస్కృతిక కేంద్రం. మోకాళ్ళ నొప్పులుంటే అంతా తిరగాలని పెట్టుకోకండి. నావికుల పాత వసతి భవనం ఒకదాంట్లో నోబుల్ మారిటైమ్ కలెక్షన్ అనే మ్యూజియం ఉంది. ముందు అది చూడండి.

అందులో ఒకప్పటి నావికుడి గది ఉంది. మా అమ్మాయి "ఇంత చిన్నదా నాన్నా!" అంది. దానికేం తెలుసు? ముంబైలో ఓడ కోసం ఎదురుచూస్తూ ఒక లాడ్జీలో గదికి పన్నెండు మందిమి పడుకున్నాం. నల్లులు. ఏజెంటు రేపు, రేపు అని నలభై రోజులు తిప్పాడు. ఇక్కడ అప్పట్లో ముసలాళ్ళకు తిండి, బట్ట, మందు, పక్క అన్నీ ఉచితం. పైగా ఎదురుగా ఓడలు. నావికుణ్ణి నీళ్ళు కనపడని చోట కూర్చోబెడితే పిచ్చెక్కుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళే ఈ చోటు ఎంచి ఉంటారు.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పిల్లలకు తోటలున్నాయి, చైనా తోట కూడా ఉంది, నేను పెద్దగా చూడలేదు.

బయటికొచ్చి నీళ్ళవైపు రోడ్డు దగ్గర నిలబడ్డాం. ఒక కంటైనర్ ఓడ, దాన్ని నడిపించే టగ్గు పడవల మధ్య మెల్లగా పోతోంది. ముందు డెక్కు మీద లంగరు ఎత్తే విండ్లాస్ దగ్గర నారింజ రంగు బాయిలర్ సూట్లలో ఇద్దరున్నారు. చెయ్యి ఊపాను. ఒకడు చూడలేదు. రెండోవాడు వాకీటాకీ ఉన్న చెయ్యే ఎత్తి ఊపాడు.