లోకల్ హెచ్‌డీ చానళ్లు: శాటిలైట్ ప్యాకేజీలో తీసుకోవాలా, యాంటెన్నా పెట్టుకోవాలా?

అమెరికాలో శాటిలైట్ టీవీ పెట్టించుకునేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది తెలుగు చానళ్ల గురించే. లోకల్ చానళ్ల సంగతి అవసరం పడ్డాక గుర్తొస్తుంది. టోర్నడో హెచ్చరిక వచ్చిన సాయంత్రమో, మంచుకి స్కూళ్లు మూశారా లేదా అని చూసే పొద్దున్నో, సూపర్ బౌల్ రోజో. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్‌ల స్థానిక స్టేషన్లను హెచ్‌డీలో చూడాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. శాటిలైట్ కంపెనీ ప్యాకేజీలో తీసుకోవచ్చు, లేదా యాంటెన్నా పెట్టి టవర్ నుంచి నేరుగా పట్టుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: టవర్ల సిగ్నల్ సరిగా అందే ఇంటికి యాంటెన్నాయే మేలు. అందని ఇంటికి మాత్రం శాటిలైట్‌ని మించింది లేదు.

శాటిలైట్‌లో మీకు ఏ స్టేషన్లు రావాలన్నది మీ చేతిలో ఉండదు. ఏ ప్రాంతం స్టేషన్లను ఆ ప్రాంతం వాళ్లకు ఇచ్చుకునే వీలు డైరెక్‌టీవీ, డిష్ నెట్‌వర్క్ లాంటి కంపెనీలకు 1999 నాటి చట్టంతో వచ్చింది. ఆ ప్రాంతాల లెక్క టీవీ ప్రేక్షకుల సంఖ్యను కొలిచే నీల్సన్ సంస్థది. దేశాన్ని 210 మార్కెట్లుగా విడగొట్టింది, మీ కౌంటీ ఏ మార్కెట్ కిందకి వస్తే ఆ స్టేషన్లే మీకు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్ ఆనుకుని ఉన్న ఊళ్లు. రెండింటిలోనూ మనవాళ్లు బోలెడంత మంది. పిల్లలంతా ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో చదువుతారు. కానీ ప్లెయిన్స్‌బరో ఉన్నది మిడిల్‌సెక్స్ కౌంటీలో, కాబట్టి న్యూయార్క్ మార్కెట్. వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీ, కాబట్టి ఫిలడెల్ఫియా మార్కెట్. ఒకే స్కూల్ బస్సు కోసం ఎదురుచూసే రెండు ఇళ్లలో రెండు నగరాల వాతావరణ వార్తలు! పైగా ఈ చానళ్లను శాటిలైట్ నుంచి స్పాట్ బీమ్‌లో, అంటే ఆ ప్రాంతం మీదికే గురిపెట్టి పంపుతారు. అందుకే ఆర్‌వీ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) వేసుకుని దూరం వెళ్తే దేశమంతటా వచ్చే చానళ్లు ఉంటాయి గానీ లోకల్స్ పోతాయి. యాంటెన్నాకి కౌంటీలతో పని లేదు. అలాంటి మధ్య ఊళ్లలో అటు తిప్పితే ఒక నగరం, ఇటు తిప్పితే ఇంకో నగరం దొరికే అవకాశం కూడా ఉంది.

ఇక బొమ్మ నాణ్యత. ఇప్పుడు ఎక్కువగా ఉన్న డిజిటల్ ప్రసార పద్ధతిలో ఒక్కో స్టేషన్‌కి సెకనుకి సుమారు 19 మెగాబిట్ల జాగా ఉంటుంది. శాటిలైట్ కంపెనీ అదే సిగ్నల్‌ని తీసుకుని, ఎంపెగ్-4 అనే వీడియో కుదింపు పద్ధతిలోకి మార్చి, ఇంకా కుదించి పంపుతుంది. మామూలు సీరియల్‌లో ఈ తేడా కనపడదు. ఫుట్‌బాల్ ఆటలో కెమెరా గబుక్కున తిరిగినప్పుడు గడ్డిని చూడండి: యాంటెన్నాలో పోచలు విడివిడిగా తెలుస్తాయి, కుదించిన దాంట్లో పచ్చరంగు పూసినట్టు అలికిపోతుంది. అయితే టవర్ నుంచి వచ్చేదంతా గొప్పగా ఉంటుందనీ కాదు. కొన్ని స్టేషన్లు ఆ జాగాలోనే ఐదారు సబ్‌చానళ్లు (అదే సిగ్నల్‌లో వచ్చే అదనపు చానళ్లు) ఇరికించి అసలు చానల్‌ని పాడుచేస్తాయి. ఆ సబ్‌చానళ్లు చాలావరకు శాటిలైట్‌లో రావు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన విషయమే, ఎందుకంటే చాలా పీబీఎస్ స్టేషన్లు 24 గంటల పిల్లల చానల్‌ని సబ్‌చానల్‌గానే ఇస్తున్నాయి.

వాన సంగతి అందరికీ తెలిసిందే. ఉరుములతో జోరువాన పట్టుకుంటే శాటిలైట్ సిగ్నల్ ముక్కలై ఆగిపోతుంది. లోకల్ వార్తలు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. టవర్ సిగ్నల్‌ని వాన అంతగా ఏమీ చేయలేదు. నేను యాంటెన్నా వైపు మొగ్గడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

డబ్బు గొడవలు మరోటి. స్టేషన్ యజమానికీ శాటిలైట్ కంపెనీకీ ఫీజు దగ్గర పేచీ వస్తే చానల్ రాత్రికి రాత్రి మాయమవుతుంది. 2023 జూలై నుంచి సెప్టెంబర్ దాకా నెక్స్‌స్టార్ అనే కంపెనీ స్టేషన్లు డైరెక్‌టీవీలో రాలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ సీజన్ మొదలైనా సరే. యాంటెన్నా ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ లేదు, నెలనెలా బిల్లూ లేదు.

మరి శాటిలైట్ ఎవరికి? ముందుగా కొండల చాటున ఉన్నవాళ్లకి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా స్టేషన్లు సూట్రో టవర్ మీద నుంచి ప్రసారమవుతాయి. ఈస్ట్ బే కొండలు దాటి అవతల ఇల్లు కొన్నవాళ్లకి ఎంత ఖరీదైన యాంటెన్నా పెట్టినా కొండ అడ్డం. శాటిలైట్‌కి దక్షిణం వైపు ఆకాశం తెరిపిగా ఉంటే చాలు. టవర్లకు బాగా దూరంగా ఉన్న పల్లెల వాళ్ల పరిస్థితీ అంతే. ఇంకో చిక్కు ఫిలడెల్ఫియా వైపు కనిపిస్తుంది. అక్కడి ఏబీసీ స్టేషన్, చానల్ 6, పాత వీహెచ్‌ఎఫ్ తరంగాల మీదే (యూహెచ్‌ఎఫ్ కన్నా పొడవైనవి) వస్తుంది. ఆ తరంగం పొడవు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. కిటికీకి అంటించే పలచటి యాంటెన్నా దాన్ని పట్టడం కష్టం. అందుకే ఏదీ కొనకముందు ఎఫ్‌సీసీ (ప్రసారాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లోని డీటీవీ మ్యాప్‌లో మీ అడ్రస్ కొట్టి చూడండి. ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో, ఏ వైపు నుంచో, యూహెచ్‌ఎఫ్‌లోనా వీహెచ్‌ఎఫ్‌లోనా అన్నీ అందులో కనిపిస్తాయి.

ఇంటర్నెట్‌లో యూట్యూబ్ టీవీ లాంటివి కూడా లోకల్స్ ఇస్తాయి. వాన బెడద ఉండదు గానీ నెట్ పోతే అన్నీ పోతాయి. ప్రసారం కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆటల్లో పక్కింటి కేకలు విన్నాక మీకు టచ్‌డౌన్ కనిపిస్తుంది. పైగా వాటికీ నెలనెలా బిల్లు, వాటికీ ఫీజు పేచీలు.

ఇప్పటికే శాటిలైట్ ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటి వదులుకోనక్కర్లేదు. డిష్ నెట్‌వర్క్ హాపర్ లాంటి బాక్సులకు యాంటెన్నా అడాప్టర్ తగిలించుకోవచ్చు. అప్పుడు టవర్ నుంచి వచ్చే చానళ్లు కూడా అదే గైడ్‌లో చేరతాయి, రికార్డూ అవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే రిమోట్ మార్చే బాధ తప్పుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

అపార్ట్‌మెంట్ వాళ్లు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న ఇళ్ల వాళ్లు "మాకు ఒప్పుకోరు" అని ముందే ఊరుకుంటారు. ఎఫ్‌సీసీ 1996లో తెచ్చిన నియమం ప్రకారం, మీరొక్కరే వాడుకునే బాల్కనీలోనో పెరట్లోనో టీవీ యాంటెన్నా గానీ, మీటరు వెడల్పు లోపు డిష్ గానీ పెట్టుకుంటే కాదనే హక్కు వాళ్లకి లేదు. భద్రతకి సంబంధించిన షరతులు మాత్రం పెట్టొచ్చు. అందరూ వాడే పైకప్పుకీ, బయటి గోడకీ ఈ నియమం వర్తించదు.

చివరికి శాటిలైట్ వైపే మొగ్గితే, సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. మా కౌంటీకి వచ్చే లోకల్స్‌లో హెచ్‌డీలో ఉన్నవి ఏవేవి, పీబీఎస్‌తో సహా? లోకల్స్ వద్దంటే బిల్లు ఎంత తగ్గుతుంది?