జింక చెవి: ప్లాస్టిక్ అచ్చా, పుట్టీయా?

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి చాప్రాల అడవి వైపు వెళ్లినప్పుడల్లా చుక్కల జింకల చెవులే చూస్తుంటాను. మేసేటప్పుడు ఒకటి ముందుకు, ఇంకోటి వెనక్కి. అలికిడి అయితే రెండూ అటే నిక్కుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర జింక వేట నేరం. అందుకే నేను పోల్చేది అమెరికాలో వేటాడిన తెల్లతోక జింకల తలలను తోలుతో సహా భద్రపరిచేవాళ్లు (ట్యాక్సిడెర్మిస్టులు) చెవికి ఆకారం ఇచ్చే రెండు పద్ధతులను.

చెవిలోని మృదులాస్థి (మెత్తటి ఎముక) తీసేసి, ఆ చోట ప్లాస్టిక్ అచ్చు పెట్టి జిగురుతో అంటించడం ఒకటి. ఆకారం చక్కగా వస్తుంది, కొత్తవాళ్లకు టెన్షన్ తక్కువ. కానీ సైజు కుదరకపోయినా, జిగురు పట్టకపోయినా తోలు ఆరేటప్పుడు కుంచించుకుని, చెవి గుంటలో డప్పు తోలులా బిగుసుకుని పైకి లేస్తుంది. అప్పుడు ఎంత మంచి తలైనా బొమ్మలా కనిపిస్తుంది.

రెండోది, ఆ చోట అచ్చుకు బదులు కారు డెంటింగ్‌కు వాడే పుట్టీ నింపడం. ఇది ఏ చెవికైనా సరిపోతుంది, అంచు కాస్త వంచొచ్చు. నిమిషాల్లో గట్టిపడుతుంది, తర్వాత దిద్దడం కష్టం. బరువూ ఎక్కువే.

నా ఓటు అచ్చుకే. జీవకళ అసలు ఉండేది చెవి మొదట్లో. చెవి వెనక్కి తిరిగితే అక్కడి కండ ఉబ్బూ తిరగాలి. దాన్ని మట్టితో నిదానంగా దిద్దుకునే టైమ్ అచ్చు ఇస్తుంది.