పాత కమారోకి వైయాండ్ 144 సూపర్‌ఛార్జర్: డబ్బాలో ఉన్నదీ, లేనిదీ

1960ల చివరి షెవర్లే కమారో, అందులో 350 స్మాల్ బ్లాక్ (350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్), పైన ఒక్క కార్బ్యురేటర్. ఇలాంటి బండికి సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే పంపు, బ్లోయర్ అన్నా ఇదే) పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చూసే కిట్లలో హోలీ అమ్మే వైయాండ్ 144 ఒకటి. పనితనం బాగుంది, ధరకు న్యాయం చేస్తుంది. అయితే ఇంజిన్ బతుకుతుందా, పిస్టన్లు పగులుతాయా అన్నది తేల్చేవి ఈ డబ్బాలో రావు. అవి ఇంజిన్ కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క), టైమింగ్ (ప్లగ్ నిప్పు ఎంత ముందుగా పడుతుందో అది). ఆ రెండింటి లెక్క చూసుకోకుండా ఆర్డర్ పెట్టకండి.

ఇది రూట్స్ రకం. రెండు రోటర్లు ఒక్క చుట్టుకు 144 క్యూబిక్ అంగుళాల గాలిని, అంటే సుమారు 2.36 లీటర్లను, కిందికి తోస్తాయి. 350 ఇంజిన్ మీద మామూలు పుల్లీలతో 5 నుంచి 7 పీఎస్ఐ బూస్ట్, అంటే బయటి గాలి కన్నా అంత ఎక్కువ ఒత్తిడి, వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే అందుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర్నుంచి కదిలేటప్పుడే తేడా తెలుస్తుంది. సెంట్రిఫ్యూగల్ రకాలు ఆర్‌పీఎం పెరిగేకొద్దీ గానీ బూస్ట్ ఇవ్వవు. రోడ్డు మీద ఎక్కువసేపు 1,500 నుంచి 4,000 మధ్యే తిరిగే బండికి రూట్సే నయం. బానెట్ కోసి బయటికి పొడుచుకొచ్చే 6-71 బ్లోయర్ ఫొటోకి బాగుంటుంది. అది అసలు జీఎం డీజిల్ లారీ ఇంజిన్ల కోసం పుట్టింది, ఊళ్లో తిరగడానికి అక్కర్లేదు.

ఇక కంప్రెషన్. బూస్ట్‌ని 14.7తో (బయటి గాలి ఒత్తిడి) భాగించి, 1 కలిపి, ఇంజిన్ కంప్రెషన్ రేషియోతో గుణించండి. 8.5 ఉన్న ఇంజిన్‌కి 6 పీఎస్ఐ ఇస్తే సుమారు 12 వస్తుంది. ఇనుప హెడ్లతో, పంపు పెట్రోల్‌తో నడిచే బండికి అదే గీత. 1969 కమారోలో వచ్చిన 300 హార్స్‌పవర్ ఎల్48 రకం 350కి ఫ్యాక్టరీ కంప్రెషన్ 10.25. అదే 6 పీఎస్ఐతో లెక్క 14.4కి పోతుంది. అది నాకింగ్‌ని (మిశ్రమం తనంతట తానే పేలి పిస్టన్‌ని దెబ్బతీయడాన్ని) పిలిచి పీట వేసినట్టే. 1971 నుంచి జీఎం కంప్రెషన్ తగ్గించింది, ఆ ఏడాది ఎల్48 8.5తోనే వచ్చింది. మామూలుగా 'పవర్ లేదు' అని తీసిపారేసే ఆ ఇంజిన్లే ఈ కిట్‌కి సరిగ్గా సరిపోతాయి.

కంప్రెషన్ తగ్గించడానికి చవకైన దారి హెడ్లు మార్చడం. ఫ్లాట్ టాప్ పిస్టన్లు, 0.039 అంగుళాల గాస్కెట్, పిస్టన్ డెక్‌కి (బ్లాక్ పై తలానికి) 0.025 అంగుళాలు కింద ఉన్న 350లో 64 సీసీ చాంబర్లున్న హెడ్లతో 9.7 దాకా వస్తుంది. 76 సీసీ హెడ్లు వేస్తే 8.6కి దిగుతుంది. మందపాటి గాస్కెట్ వేసి సరిపెట్టుకుందామనుకోవద్దు. పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు పెరిగితే క్వెంచ్ (ఇరుకు సందు మిశ్రమాన్ని కలిపి చల్లబరిచే గుణం) పోతుంది, నాకింగ్ ఇంకా తొందరగా మొదలవుతుంది. ఇంజిన్ ఎలాగూ విప్పుతుంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసి, పై రింగు గ్యాప్‌ని బోరు అంగుళానికి 0.006 చొప్పున, అంటే 4 అంగుళాల బోరుకి 0.024, ఉంచండి. మామూలు ఇంజిన్ గ్యాప్ అలాగే వదిలేస్తే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి, పిస్టన్ పై అంచునే ఊడగొట్టుకొస్తాయి.

కొనేముందు చూడాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి. మొదటిది వాటర్ పంపు: 1967, 68 కమారోల్లో పొట్టిది, 1969లో పొడుగుది. కిట్లు దాన్నిబట్టి వేరువేరుగా వస్తాయి, తప్పుది తెస్తే పుల్లీలు ఒకే వరసలో నిలబడవు. రెండోది హెడ్లు. 1987 తర్వాతి ఇనుప హెడ్లలో మధ్యనున్న ఇంటేక్ బోల్టుల కోణం వేరు, పాత మానిఫోల్డ్ రంధ్రాలకు అవి కలవవు. మూడోది చాలామందికి తట్టదు: పాత స్మాల్ బ్లాక్ క్రాంక్‌షాఫ్టులు చాలావాటికి ముందు కొసన బోల్టు రంధ్రమే ఉండదు, బ్యాలెన్సర్ (క్రాంక్ ముందుండే, కంపనం తగ్గించే చక్రం) బిగుతు మీదే నిలబడుతుంది. బ్లోయర్ బెల్ట్ లాగుడికి అది మెల్లగా ముందుకు జారుతుంది. రంధ్రం చేసి, 7/16-20 ట్యాప్‌తో మర కోసి బోల్టు, మందపాటి వాషర్ బిగించాల్సిందే.

బిగించడం ఓపికున్న మనిషికి రెండు రోజుల పని. మానిఫోల్డ్ కింద ముందూ వెనకా వచ్చే కార్క్ సీళ్లు పక్కన పడేసి, పావు అంగుళం మందాన సిలికాన్ వేయండి, లేకపోతే డిస్ట్రిబ్యూటర్ కింద నుంచి ఆయిల్ కారుతుంది. హెడ్ల మధ్యనున్న ఎగ్జాస్ట్ క్రాస్‌ఓవర్ దారిని రేకుతో మూసేయండి. బ్లోయర్ అసలే గాలిని వేడెక్కిస్తుంది. 6 పీఎస్ఐ దగ్గర, 50 శాతం సామర్థ్యం లెక్కన, 27 డిగ్రీల గాలి 90 డిగ్రీల దాకా పోతుంది. పెట్రోల్ ఆవిరవుతూ కొంత చల్లబరుస్తుంది గానీ దాని కింద ఎగ్జాస్ట్ వేడి కూడా తోడవ్వాల్సిన పని లేదు.

కార్బ్యురేటర్ పైకి లేస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ కేబుల్, గేర్‌బాక్స్ కేబుల్ కోణాలు మారిపోతాయి. టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే అది కిక్‌డౌన్ (గట్టిగా తొక్కితే గేరు దించే) కేబులే, పెద్ద ప్రమాదం లేదు. తర్వాత ఎవరైనా 700ఆర్4 గేర్‌బాక్స్ వేసి ఉంటే మాత్రం టీవీ కేబుల్ (గేర్‌బాక్స్ లోపలి ఒత్తిడిని నడిపేది) సరిగ్గా కుదరకపోతే కొద్ది మైళ్లలోనే క్లచ్‌లు కాలిపోతాయి. బానెట్ సంగతి అంచనాతో తేల్చకండి. ఎయిర్ క్లీనర్ మీద నాలుగు చోట్ల బంకమట్టి ఉండలు పెట్టి, బానెట్ నెమ్మదిగా దించి, అణిగాక మిగిలిన మందం కొలవండి. ఇంజిన్ లోడ్ మీద పక్కకి ఒరుగుతుంది, కనీసం ముప్పావు అంగుళం ఉండాలి. ఫ్యాక్టరీ ఏసీ, పవర్ స్టీరింగ్ బ్రాకెట్లు ఉన్నవి ఉన్నట్టు కుదురుతాయని నమ్ముకోవద్దు.

కార్బ్యురేటర్ కిట్‌లో రాదు. 350కి 5,500 ఆర్‌పీఎం, 6 పీఎస్ఐ లెక్కన 750 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని క్యూబిక్ అడుగుల గాలి) చాలు. మామూలు 750 తెచ్చి పైన పెట్టడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. గట్టిగా తొక్కినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చే పవర్ వాల్వ్ తెరుచుకోవాలంటే దాని కింద వాక్యూమ్ పడిపోవాలి. ఇక్కడ కార్బ్యురేటర్ బ్లోయర్ పైన ఉంది. సగం తొక్కినప్పుడు రోటర్ల కింద బూస్ట్, పైన వాక్యూమ్ ఒకేసారి ఉంటాయి. పవర్ వాల్వ్ మూసుకునే ఉంటుంది, పెట్రోల్ తగ్గుతుంది, సరిగ్గా ఒత్తిడి పెరిగిన క్షణంలో మిశ్రమం పలచబడుతుంది. అందుకే కింది మానిఫోల్డ్ నుంచి సిగ్నల్ తీసుకునే, బూస్ట్ రిఫరెన్స్ ఉన్న సూపర్‌ఛార్జర్ కార్బ్యురేటరే కొనండి. వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి, పూర్తిగా తొక్కినప్పుడు గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండేలా జెట్లు మార్చండి. అది లేకుండా ట్యూనింగ్ చేయడమంటే చీకట్లో తడుముకోవడమే.

ఇదే కారణానికి వాక్యూమ్ అడ్వాన్స్ (వాక్యూమ్‌ని బట్టి టైమింగ్‌ని ముందుకు జరిపేది) కూడా చిక్కు తెస్తుంది. గొట్టం కార్బ్యురేటర్ నుంచి వస్తే బూస్ట్‌లో కూడా టైమింగ్ ముందుకు లాగుతుంది. మొదట దాన్ని తీసి మూసేయండి, మిగతావన్నీ కుదిరాక చూడొచ్చు. మామూలు స్మాల్ బ్లాక్‌కి మొత్తం అడ్వాన్స్ 36 డిగ్రీలైతే పీఎస్ఐకి ఒక డిగ్రీ చొప్పున తగ్గించి 30 దగ్గర మొదలుపెట్టండి. ఎంఎస్‌డీ 6-బీటీఎం లాంటి ఇగ్నిషన్ బాక్సు ఉంటే బూస్ట్ వచ్చినప్పుడే టైమింగ్ వెనక్కి వస్తుంది, మామూలు నడకలో మైలేజీ పోదు. పీసీవీ గొట్టం (క్రాంక్‌కేసు ఆవిర్లను తిరిగి ఇంజిన్‌లోకి లాగేది) మాత్రం కార్బ్యురేటర్ అడుగు నుంచే తీయండి. కింది మానిఫోల్డ్‌కి కలిపితే, వాల్వ్ గట్టిగా మూసుకోని రోజున బూస్ట్ నేరుగా క్రాంక్‌కేసులోకి పోయి, డిప్‌స్టిక్‌ని పైకి తంతుంది.

ప్లగ్గులు ఒక నంబరు చల్లనివి వేసి, గ్యాప్ 0.035 పెట్టండి. మొదటిసారి గట్టిగా తొక్కాక ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ విప్పి, భూతద్దంతో తెల్ల పింగాణీ చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, మధ్యలో మెరిసే చిన్న వెండి పూసలు కనిపిస్తే ఆ పూసలు మీ పిస్టన్ అల్యూమినియమే. చెవికి నాకింగ్ వినపడలేదని ఊరుకోవద్దు, ఎగ్జాస్ట్ మోతలో అది వినపడదు.

పెట్రోల్ దగ్గర మనవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇండియాలో చెప్పే 91, 95 లాంటివి ఆర్‌ఓఎన్ (పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య) లెక్క. అమెరికాలో రాసేది వేరే లెక్క, అక్కడి 87 సుమారు మన 91తో సమానం. డాలస్‌లో 93 దొరుకుతుంది, కాలిఫోర్నియాలో చాలా బంకుల్లో ప్రీమియం అంటే 91. టెక్సస్‌లో ట్యూన్ చేసిన బండిని బే ఏరియాకి తెస్తే మరో 2 డిగ్రీలు వెనక్కి తీయండి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ తనిఖీ లేదు. 1976, ఆ తర్వాతి బండైతే ఆ కిట్‌కి, ఆ మోడల్‌కి సీఏఆర్‌బీ (కాలిఫోర్నియా కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చే ఈఓ అనుమతి నంబరు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

పవర్ ఎంత పెరుగుతుంది? 6 పీఎస్ఐ అంటే కాగితం మీద 40 శాతం గాలి ఎక్కువ. వేడి, బెల్ట్ తిప్పడానికి పోయే శక్తి తీసేస్తే 25 నుంచి 35 శాతం ఆశించొచ్చు. చిన్న పుల్లీ వేసి ఇంకా పిండాలని చూస్తే వేడి పెరిగినంతగా పవర్ పెరగదు. 500 హార్స్‌పవర్ కావాలంటే ఇది మీ కిట్ కాదు. ఇంకో సంగతి, 1969 కమారో కింద 8.2 అంగుళాల 10-బోల్ట్ రియర్ యాక్సిల్ ఉంటే, వెడల్పు టైర్లతో ఈ టార్క్‌కి అది ఎక్కువ కాలం ఆగదు. 12-బోల్ట్ ఖర్చు కూడా ముందే రాసుకోండి. ముందు డ్రమ్ బ్రేకులే ఉంటే వాటిని మార్చాకే బ్లోయర్ మాట.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే కార్బ్యురేటర్ తీయించి పైనుంచి టార్చ్ వేసి చూడండి. రోటర్ల మీద గీతలుంటే లోపలికి ఏదో నట్టో వాషరో పడింది. రోటర్లు ఆయిల్‌తో తడిగా ఉంటే గేర్ల వైపు సీల్ పోయింది. పుల్లీని చేత్తో తిప్పితే ఒకే బరువుతో, గరగర లేకుండా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే బేరం ఆడకుండా వదిలేయండి.