లడ్డుతో కుంతాల, పొచ్చెర

"నీళ్ళు తగ్గకముందే ఒక్కసారి కుంతాల చూపియ్యి బిడ్డా" అని అత్తమ్మ వానాకాలమంతా అడుగుతూనే ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో మామయ్యతో బస్సులో వెళ్ళి ఆదిలాబాద్ జిల్లాలోని ఆ జలపాతాన్ని చూశారట. దసరా అయిపోయి, దీపావళి ఇంకో వారం ఉందనగా కుదిరింది. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ మా పాప, అత్తమ్మ, మా కుక్క లడ్డు. లడ్డు కొనుక్కున్న కుక్క కాదు, హైదరాబాద్ అల్వాల్‌లో మా గల్లీలోనే పుట్టింది. నాలుగేళ్ళుగా మాతోనే ఉంటోంది. రెండు రోజులు దాన్ని ఎవరింట్లోనో వదిలి వెళ్ళడం నావల్ల కాలేదు.

మొదట జన్నారంలో, అడవి మధ్యలో ఉందామనుకున్నాం. కానీ అది కవ్వాల్ అడవి, 2012 నుంచి పులుల అభయారణ్యం. పెంపుడు కుక్కల్ని అడవిలోకి తీసుకెళ్ళకూడదు. కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకు అంటుకుంటాయి. 2018లో గిర్ అడవిలో సింహాలు ఆ జబ్బుతోనే చనిపోయాయి. అది తెలిశాక ఇంక మాట్లాడేదేముంది? జన్నారం మానేసి నిర్మల్‌లో ఉండాలని నిర్ణయించుకున్నాం.

పొద్దున్నే అయిదింటికి బయలుదేరాం. మేడ్చల్ దాటాక 44వ నంబర్ హైవే మీద డ్రైవింగ్‌కు ఏ కష్టమూ లేదు. లడ్డుకు ఆ పూట తిండి పెట్టలేదు, నీళ్ళు మాత్రమే పట్టించాం. పోయినసారి యాదగిరిగుట్టకు వెళ్ళేటప్పుడు కడుపునిండా పెట్టి, దారంతా వాంతులు తుడిచాను. గంటన్నరకోసారి ఆపి నడిపిస్తే చాలు, హాయిగా పడుకుంటుంది. ఆర్మూర్ దగ్గర రోడ్డుకు దగ్గర్లోనే సిద్దులగుట్ట నల్లరాళ్ళు, చుట్టూ పచ్చగా పసుపు చేలు. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే అత్తమ్మ కిటికీ దించి దండం పెట్టుకున్నారు.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. ఫోన్లో "కుక్క ఉన్నా పర్వాలేదు మేడమ్" అన్న లాడ్జి వాళ్ళు, తీరా వెళ్ళాక కారులో కట్టేయమన్నారు. మధ్యాహ్నం పన్నెండు, ఎండ మండిపోతోంది. ఆ ఎండలో అద్దాలు మూసిన కారులో కుక్క బతుకుతుందా? అడ్వాన్స్ తిరిగివ్వలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మరో మూడు చోట్ల అడిగాక, బస్టాండ్‌కు కొంచెం దూరంలో ఒక చిన్న లాడ్జి ఆయన ఒప్పుకున్నారు. కింది అంతస్తు, వెనక ఖాళీ జాగా, గదికి 1400, కుక్కకని ఇంకో 300. గది మామూలుగానే ఉంది, గీజర్ లేదు, బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. కానీ రాత్రి ఆయనే వచ్చి "అన్నం తిన్నదా అమ్మా ఇది?" అని అడిగి, గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చారు. నాకు అంతకంటే ఏం కావాలి! మీరు వెళ్తే మాత్రం ఫోన్లో మాట తీసుకుని ఊరుకోకండి. కుక్క ఫోటో, రేబీస్ టీకా కార్డు వాట్సాప్‌లో పంపి, సరేనని రాసి పంపమని అడగండి.

నిర్మల్ దాటితే ఘాట్ రోడ్డు. సహ్యాద్రి కొండలు ఇక్కడ మరీ ఎత్తుగా ఉండవు, కానీ రెండు పక్కలా టేకు చెట్లు దట్టంగా ఉంటాయి. కోతులు రోడ్డు మీదికే వచ్చేస్తాయి, అద్దాలు దించకండి. నేరడిగొండ దగ్గర హైవే వదిలి పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే కుంతాల. ఆ దారంతా విచ్చుకున్న పత్తి చేలు, రోడ్డు మీదే ఆరబోసిన సోయాబీన్. మా ఆయన పక్కకు తీసి మెల్లగా నడిపారు.

కుంతాల దగ్గర కడెం నది దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. శకుంతల పేరు మీద ఆ పేరు వచ్చిందని కొందరు, నీటి కుంటల వల్ల వచ్చిందని కొందరు అంటారు. జలపాతం అడుగుకు చేరాలంటే దాదాపు 400 మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. అత్తమ్మవి అరిగిపోయిన మోకాళ్ళు. పాప చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, చెట్ల సందులోంచి తెల్లగా నీళ్ళు కనిపించిన చోట కూర్చుండిపోయారు. "ఇక్కడికి చాలు, వినిపిస్తున్నది కదా" అన్నారు. లడ్డుకు ఆ హోరు కొత్త. చెవులు వెనక్కి వేసి, తోక ముడిచి, అత్తమ్మ కాళ్ళకు ఆనుకుని కూర్చుంది. ఎంత లాగినా కదల్లేదు. సరే, ఇద్దరినీ అక్కడే ఉంచి, వాళ్ళకు మా ఆయన తోడుండగా నేనూ పాపా దిగాం. మేం వచ్చాక ఆయన వెళ్ళొచ్చారు.

కింద తుంపర ముఖానికి కొడుతుంటే పాప కేకలు. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వలేదు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఎంతోమంది మునిగిపోయారు, బండలు నాచుతో జారుతాయి, గుండాల లోతు పైకి తెలియదు. దిగొద్దని బోర్డులు పెట్టినా, సెల్ఫీల కోసం బండల చివరిదాకా వెళ్తున్న కుర్రాళ్ళను చూస్తే నాకు చేతులు చల్లబడ్డాయి. దయచేసి అలా వెళ్ళకండి.

మర్నాడు పొచ్చెర జలపాతం. ఎత్తు ఇరవై మీటర్లే, అయినా పెద్దవాళ్ళు, పిల్లలు, కుక్క ఉన్న మాలాంటి కుటుంబానికి నేను పొచ్చెరనే ముందు చెబుతాను. కారు దిగాక ఎక్కువ నడక లేదు, మెట్లు తక్కువ. వెడల్పాటి బండల మీద నీళ్ళు పాయలు పాయలుగా పరుచుకుని దూకుతాయి. ఒక ఓరన చీలమండ లోతు నీళ్ళున్న చోట అత్తమ్మ చెప్పులు విప్పి కాళ్ళు పెట్టుకున్నారు. లడ్డు ముందు ఒక పాదం ముంచి తీసింది, మళ్ళీ ముంచింది, తర్వాత ముక్కు పెట్టి బుడగలు ఊదింది. తాడు మాత్రం మా ఆయన ముంజేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. దాన్ని నిలవ నీళ్ళు తాగనివ్వలేదు. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుందని డాక్టర్ హెచ్చరించారు, అందుకే ఇంటి నుంచే క్యాన్ తెచ్చుకున్నాం.

హైవే వైపు తిరిగి వస్తుంటే ఒక గూడెం దగ్గర డప్పుల మోత. దీపావళి ముందు గోండులు చేసుకునే దండారి పండుగ రోజులవి. నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలు, అంటే ఆ పండుగలో ఆడేవాళ్ళు, రోడ్డు దాటుతున్నారు. కారు పక్కకు ఆపి ఇంజన్ ఆపేశాం. వాళ్ళది దీక్ష, అందుకే ఫోటోలు తీయలేదు. ఆ ఈకలు ఎండలో ఒక్కసారి కదిలినప్పుడు లడ్డు మొరగడం మర్చిపోయి నోరు తెరిచి చూసింది, పాప కూడా అంతే.

నిర్మల్‌లో పాపకు పొనికి కర్రతో చేసిన పండ్ల బొమ్మలు కొన్నాం. ఆర్మూర్ దగ్గర అంకాపూర్‌కు ముందే ఫోన్ చేసి దేశీ కోడి కూర చెప్పాం. ఇది ఎవరూ తప్పించుకోకండి. అక్కడే కాల్చిన మక్కజొన్న కంకులు కూడా దొరుకుతాయి. ఎముకలు, మసాలా పడవు కాబట్టి లడ్డుకు ఉత్త అన్నమే.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అలసటగా ఉన్నా పడుకోలేదు, ముందు దాని చెవులు, కాలివేళ్ళ సందులు చూడాలి. అత్తమ్మ ఫోన్ టార్చ్ పట్టుకున్నారు. ఎడమ చెవి మడతలో రెండు, మెడ పట్టీ కింద ఒకటి, రక్తం తాగే గోమార్లు మొత్తం మూడు దొరికాయి. "ఇంకోపాలి చూడు బిడ్డా, తోక కింద కూడా" అన్నారు అత్తమ్మ, టార్చ్ అటు తిప్పుతూ.