జినాన్ హెడ్‌లైట్ కనెక్టర్: యార్డుదా, కొత్తదా, ఆన్‌లైన్‌దా?

న్యూజిలాండ్‌లో మనవాళ్లు చాలామంది నడిపేవి జపాన్‌లో వాడి, ఇక్కడికి దిగుమతి చేసిన కార్లే. బల్బు మార్చబోయి కనెక్టర్ క్లిప్పు విరిగిందని, ఆ ముక్క ఒక్కటే ఎక్కడ దొరుకుతుందని అడగనివారు లేరు. బానెట్ కింద ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఎవరు పట్టుకున్నా విరిగేదే. డీలరును అడిగితే తరచుగా హెడ్‌లైట్ మొత్తం కొనమంటారు.

ముందు విరిగింది ఏ వైపో చూసుకోవాలి. బ్యాలస్ట్ (బల్బుకు కావాల్సిన వోల్టేజినిచ్చే పెట్టె) నుంచి బల్బుకు పోయే వైపైతే కోసి అతికించే ఆలోచనే పెట్టుకోవద్దు. డీ2ఎస్, డీ4ఎస్ రకం జినాన్ బల్బుల హోల్డరు దగ్గర వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైగా వస్తుంది. టేపు చుట్టిన అతుకు దాని ముందు నిలవదు. డీ1ఎస్, డీ3ఎస్‌లలో ఆ వోల్టేజి పుట్టించే ఇగ్నైటర్ బల్బుతోనే కలిసి ఉంటుంది కనుక తీగలో అంత వోల్టేజి ఉండదు, అలాగని చెయ్యి పెట్టదగ్గదీ కాదు. ఈ వైపుకి అదే మోడల్ కారు నుంచి తీగతో సహా భాగం తెచ్చుకోవాలి. అంటే పాత కార్లు విప్పి భాగాలు అమ్మే యార్డే గతి.

బ్యాలస్ట్‌లోకి వచ్చే 12 వోల్టుల వైపు సంగతి వేరు. యార్డులో చవగ్గా, జానెడు తీగతో కోసి ఇస్తారు. కచ్చితంగా సరిపోతుంది కూడా. కానీ ఆ ప్లాస్టిక్కూ మీదాని ఈడుదే, అదే వేడి తిన్నది. ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని రకాలు చూపుకి అచ్చం అలాగే ఉంటాయి. తీగ మాత్రం చాలాసార్లు సన్నం. 35 వాట్ల బ్యాలస్ట్ మామూలుగా 3-4 ఆంపియర్లే లాగినా, వెలిగించేటప్పుడు అంతకు కొన్ని రెట్లు లాగుతుంది.

నా ఓటు కొత్త హౌసింగ్‌కే, అంటే కనెక్టర్ పైనుండే ప్లాస్టిక్ గూడుకే. అయితే అసలు తేల్చేది ప్లాస్టిక్ కాదు, లోపలి పిన్ను. పిన్ను చిలుము పట్టి పచ్చబడినా, పట్టు వదిలినా పైన ఎంత కొత్త హౌసింగ్ తొడిగినా లైటు మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. పాత ముక్కను తుడిచి వెలుతురులో తిప్పి చూస్తే యజాకీ, సుమిటోమో వంటి తయారీదారు గుర్తు, నంబరు సన్నటి అక్షరాల్లో కనిపిస్తాయి. టొయోటాలో హౌసింగుల నంబర్లు 90980తో మొదలవుతాయి. పిన్ను బిగించి వచ్చే రిపేరు తీగలవి 82998తో. ఈ తీగలు కొంటే పిన్నును తీగకి నొక్కి బిగించే ఖరీదైన క్రింపింగ్ పనిముట్టు అక్కర్లేదు. విడి భాగాల కౌంటర్లో కారు పేరు కన్నా ఈ నంబరు చెప్పడం మేలు, జపాన్ మార్కెట్ మోడళ్లు వాళ్ల కంప్యూటర్లో చాలాసార్లు దొరకవు. వోక్స్‌వ్యాగన్, ఆడీలకు 000 979తో మొదలయ్యే రిపేరు తీగలున్నాయి.

కనెక్టర్ గోల తప్పించుకోవడానికి ఎల్ఈడీ బల్బులు పెట్టేస్తామనేవారూ ఉన్నారు. కానీ జినాన్ కోసం చేసిన ప్రొజెక్టర్‌లో (హెడ్‌లైట్‌లో కటకం ఉండే భాగం) వాటి వెలుగు సరిగా పడదు.

కొత్త తీగల అతుకులు రెండూ ఒకే చోట కాకుండా కాస్త ఎడంగా పడాలి, పైన వేడి చేస్తే ముడుచుకుని బిగిసే, జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం ఉండాలి. రబ్బరు సీలు విడిగా వస్తే అతకడానికి ముందే తీగకి ఎక్కించండి. పాత హౌసింగ్‌లోంచి పిన్నులు లాగకముందే ఏ తీగ ఏ రంధ్రంలో ఉందో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే బ్యాలస్ట్ కూడా కొనాల్సి రావచ్చు.