గర్భాశయ క్యాన్సర్: సీఏ-125, హెచ్ఈ4, సీబీసీ... ఏ పరీక్షను ఎంత నమ్మాలి?

గాజువాకలో ఉండే మా పెద్దమ్మకు నెలసరి ఆగిన ఆరేళ్లకు మళ్లీ రక్తం కనిపించింది. బయాప్సీలో గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కు ముందు చేయించిన రక్తపరీక్షలో సీఏ-125 దగ్గర 52 అని ముద్దక్షరాల్లో ఉంది. ఆ కాగితం దిండు కింద పెట్టుకుని, "ఎన్నాళ్లుంటానో ఇందులో రాసుంటాదేటే?" అని అడిగింది.

రాసి ఉండదు. సీఏ-125 అంటే రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్; మిల్లీలీటరుకు 35 యూనిట్లు దాటితే ఎక్కువ అంటారు. ఈ క్యాన్సర్‌లో అది బాగా పెరిగి ఉంటే, జబ్బు గర్భాశయం దాటి అండాశయాలకో లింఫు గ్రంథులకో పాకి ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఫైబ్రాయిడ్లు, పొట్టలో టీబీ, లివర్ జబ్బు ఉన్నా పెరుగుతుంది. తొలి దశలో చాలామందికి మామూలుగానే ఉంటుంది కాబట్టి, తక్కువ వచ్చిందని ధీమా పడలేం.

తొలి దశ విషయంలో హెచ్ఈ4 అనే మరో రక్త ప్రొటీన్ మెరుగు. క్యాన్సర్ గర్భాశయ కండరంలోకి ఎంత లోతుగా దిగిందో కొంత సూచిస్తుంది. కాకపోతే వయసుతో పెరుగుతుంది, కిడ్నీలు బలహీనపడితే ఇంకా పెరుగుతుంది. పెద్దమ్మకు షుగర్ ఉంది. అందుకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా హెచ్ఈ4 అంకె చూసి టెన్షన్ పడకూడదనుకున్నాం.

సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, ఎలాగూ చేస్తారు. తెల్లరక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల మధ్య నిష్పత్తి గానీ, ప్లేట్‌లెట్లు గానీ ఎక్కువున్నవారిలో చికిత్స ఫలితాలు కొంత అధ్వానంగా ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అయితే పంటి చీము, స్టిరాయిడ్ మాత్రలు కూడా ఆ నిష్పత్తిని పెంచుతాయి. రక్తం పోయి ఐరన్ తగ్గితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. నెలల తరబడి రక్తస్రావమైన మనిషికి ఆ అంకెతో జాతకం చెప్పడం అన్యాయం.

మూడింటిలో ఒకటే ఎంచుకోమంటే, కిడ్నీలు బాగుంటే హెచ్ఈ4 అంటాను. చికిత్స తర్వాత గమనించడానికి మాత్రం మొదట ఏది పెరిగిందో అదే పనికొస్తుంది, మాకైతే సీఏ-125. ఇంకో పరీక్షకు డబ్బుంటే మాత్రం రక్తం మీద కాదు, బయాప్సీ ముక్క మీద పెట్టండి. పీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్), ఎంఎంఆర్ (డీఎన్ఏలో తప్పుల్ని సరిచేసే ప్రొటీన్లు) పరీక్షలు జబ్బు స్వభావాన్ని ఈ అంకెలకంటే చాలా స్పష్టంగా చెబుతాయి. ఎంఎంఆర్ లోపం ఉంటే అది వంశపారంపర్యమా అన్నదీ చూడాలి, అంటే మా అక్కాచెల్లెళ్లందరి సంగతి. దశ, కండరంలోకి దిగిన లోతు ఆపరేషన్ తర్వాతే ఖాయమవుతాయి.

సోమవారం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రెండో అభిప్రాయం కోసం వెళ్తున్నాం. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు ల్యాబ్ నుంచి తెచ్చి సంచిలో పెట్టాను. దిండు కింది కాగితం కూడా పెద్దమ్మే తీసి ఇచ్చింది.